అనంతపురంలో టీవీ కనెక్షన్: కేబులా, డిష్షా, ఫైబరా? డబ్బు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

మీరు అనంతపురం టౌన్‌లో ఉండొచ్చు. లేదా బెంగళూరులో పని చేస్తూ, ఊర్లో ఉన్న అమ్మానాన్నల టీవీకి ఫోన్‌లోనే రీచార్జ్ చేస్తూ ఉండొచ్చు. ఎక్కడున్నా, నెలనెలా కడుతున్న ఆ డబ్బు దేనికో ఎప్పుడైనా చూసుకున్నారా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ప్రాంతం ఇది. వేరుశనగ చేతికి రాని ఏడాది ఇంట్లో ప్రతి బిల్లునూ లెక్క చూసుకోవాల్సిందే. టీవీ బిల్లు కూడా అంతే.

ఇంటింటికీ బాక్సు ఎలా వచ్చింది?

ఒకప్పుడు కేబుల్ వైరు నేరుగా టీవీకి తగిలిస్తే సరిపోయేది. కేంద్రం కేబుల్ టీవీని నాలుగు దశల్లో డిజిటల్‌లోకి మార్చింది. 2012లో మెట్రో నగరాలతో మొదలైంది. 2013లో హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల వంతు వచ్చింది. అనంతపురం లాంటి మిగతా పట్టణాలకు 2015 డిసెంబర్ 31, గ్రామాలకు 2016 డిసెంబర్ 31 గడువు పెట్టారు. కోర్టు కేసులు, పొడిగింపుల తర్వాత గ్రామాల గడువు 2017 మార్చి 31కి చేరింది. అప్పటి నుంచి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయింది. ఎవరు ఏ ఛానల్ తీసుకున్నారో బాక్సు ద్వారా తెలుస్తుంది కాబట్టి, ఛానల్ వారీగా ధర పెట్టడం కూడా సాధ్యమైంది.

బిల్లులో ఏముంటుంది?

రెండు భాగాలు. ఒకటి నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే లైను అద్దె లాంటిది. రెండోది మీరు ఎంచుకున్న పే ఛానళ్ల ధర. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త విధానం అమల్లోకి వచ్చింది. లైను ఫీజు 100 ఛానళ్లకు గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 153.40. 2020లో అదే ఫీజుకు 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ట్రాయ్ ఈ పరిమితిని తీసేసింది. ఇప్పుడు ఫీజు ఎంతో ఆపరేటరే నిర్ణయిస్తారు, కానీ దాన్ని బహిరంగంగా ప్రకటించాలి. అందుకే పక్కింటి వాళ్ల బిల్లు, మీ బిల్లు ఒకేలా ఉండకపోవచ్చు.

ఆపరేటర్ చెప్పిన ప్యాకే తీసుకోవాలని లేదు. పే ఛానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. ఇంట్లో చూసేది నాలుగైదు తెలుగు ఛానళ్లే అయితే, విడిగా తీసుకుంటే ఎంత, ప్యాక్‌లో ఎంత అని అడిగి పోల్చుకోండి.

నెలకు రూపాయి కట్టకుండా చూడొచ్చా?

చూడొచ్చు. ప్రసార్ భారతి వారి డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబర్ నుంచి నడుస్తోంది. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెల చందా ఉండదు. ఆంధ్రప్రదేశ్ దూరదర్శన్ ఛానల్ సప్తగిరి ఇందులో వస్తుంది. పే ఛానళ్లు మాత్రం రావు. అమ్మ రోజూ చూసే సీరియల్ ఏ ఛానల్‌లో వస్తుందో ముందే చూసుకోండి.

ఫైబర్‌తో తేడా ఏమిటి?

డిష్ ఒకవైపు దారి. ఉపగ్రహం పంపుతుంది, మీ బాక్సు అందుకుంటుంది. తిరిగి ఏమీ పంపలేదు. ఫైబర్ రెండువైపులా నడిచే దారి. మీరు రిమోట్ నొక్కితే ఆ అడిగింది సర్వర్ దాకా వెళ్తుంది. అందుకే కావాల్సిన సినిమా కావాల్సినప్పుడు పెట్టుకోవడం, మధ్యలో ఆపి మళ్లీ చూడటం, వీడియో కాల్ లాంటివి దీనిలో వీలవుతాయి.

మన రాష్ట్రంలో ఇది ప్రభుత్వ సేవగా కూడా వచ్చింది. ఏపీ ఫైబర్ నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. భూమి తవ్వే ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయల ప్యాక్‌తో మొదలుపెట్టారు. 2023 జూన్‌లో కొత్త సినిమాను విడుదల రోజే ఇంట్లో 99 రూపాయలకు చూసే సదుపాయాన్నీ తెచ్చారు. ఇప్పటి ధరలు మారి ఉంటాయి కాబట్టి మీ లోకల్ ఆపరేటర్ దగ్గర కనుక్కోండి.

ఏ కంపెనీ ఫైబర్ అయినా డేటా పరిమితి చూడటం మరవొద్దు. హెచ్‌డీ వీడియోకు గంటకు దాదాపు 3 జీబీ ఖర్చవుతుంది. తొలి 149 ప్యాక్‌లో ఇచ్చిన 5 జీబీతో ఆన్‌లైన్‌లో ఒక్క తెలుగు సినిమా కూడా హెచ్‌డీలో పూర్తి కాదు. టీవీ ఛానళ్లు చూస్తే డేటా తగ్గుతుందా అన్నదీ అడగండి.

మీ ఇంటికి ఏది?

వార్తలు, దూరదర్శన్ చాలనుకుంటే ఫ్రీ డిష్. సీరియళ్లు, క్రికెట్ కావాలంటే కేబుల్ లేదా డీటీహెచ్. పిల్లల ఆన్‌లైన్ చదువు, ఓటీటీ కూడా కావాలంటే ఫైబర్. కరెంటు పోతే ఫైబర్ బాక్సు కూడా ఆగిపోతుంది. కోతలు ఎక్కువున్న ఊర్లో దీన్ని లెక్కలోకి తీసుకోండి.

డబ్బు కట్టే ముందు ఈ నాలుగు అడగండి:

1. బాక్సు అద్దెకా, సొంతమా? కనెక్షన్ మానేస్తే డిపాజిట్ ఎంత తిరిగి వస్తుంది?
2. లైను ఫీజు ఎంత, ఛానళ్లకు ఎంత? విడివిడిగా రాసిన రసీదు ఇస్తారా?
3. రెండో టీవీకి ఎంత?
4. ఫిర్యాదుకు టోల్‌ఫ్రీ నంబరు ఏది? ఫిర్యాదు చేశాక డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి.

చివరగా ఒక మాట. పనుల కోసం కొన్ని నెలలు ఇంటికి తాళం వేసి కదిరి నుంచో, కళ్యాణదుర్గం నుంచో బెంగళూరు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. కేబుల్, డీటీహెచ్ కనెక్షన్‌ను తాత్కాలికంగా ఆపమని ముందుగా అడిగే హక్కు ట్రాయ్ నిబంధనల్లో ఉంది. చూడని టీవీకి డబ్బు కట్టనక్కర్లేదు. బస్సెక్కే రోజు కాదు, కొన్ని రోజుల ముందే ఆపరేటర్‌కు చెప్పండి.