గోబర్ గ్యాస్ రిజిస్టరులో లేని గడి

ప్రత్యేక సంచికకు మన ఉద్యోగకాలపు చరిత్ర ఏదైనా వ్రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది గోబర్ గ్యాస్ రిజిస్టరు. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం మొదలుపెట్టిన తర్వాత సబ్సిడీ ఫైళ్ళు నా బల్ల మీదికి వచ్చాయి. లబ్ధిదారు పేరు, గ్రామం, పశువుల సంఖ్య, ప్లాంటు సైజు, సబ్సిడీ మొత్తం, పూర్తయిన తేదీ - ఇవీ గడులు. పూర్తయిన తేదీ పడితే ఫైలు మూసినట్లే. పొయ్యి వెలుగుతున్నదా అని అడిగే గడి మాత్రం లేదు. నేనూ అడగలేదు, ఆ సంగతి దాచుకోను.

బాన్సువాడ చుట్టుపక్కల నిజాంసాగర్ కాలువ కింద వరి పండే ఊళ్ళలో పశువులకు కొదువ లేదు. అయినా చాలా కుండీలు రెండు మూడేళ్ళకే ఎండిపోయాయి. రోజూ పెండ కలిపేవారు లేకనో, డ్రమ్ము తుప్పుపట్టో. ఒక ఊళ్ళో మాత్రం ఒక అవ్వ ఇంట్లో మంట ఆగలేదు. ఆమె పెండతోపాటు గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కొద్దికొద్దిగా వేసేది. ఒకసారి నేను తనిఖీకి వెళ్తే, "పెండ్లి అన్నం మిగిలితే అంతా పోసినం బిడ్డా, గ్యాస్ బందైంది" అన్నది. కుండీ దగ్గర పుల్లటి కంపు. అన్నం మానేసి ఉత్త పెండ పోస్తూ పోతే కొన్నాళ్ళకు మంట మళ్ళీ వచ్చింది.

అప్పుడు నాకు అది వింతగా తోచింది. ఇప్పుడు పెద్ద నగరాల్లో చేస్తున్నది ఆ పనే అని చదివి తెలుసుకున్నాను. గాలి తగలని కుండీలో రెండు రకాల సూక్ష్మజీవులు పనిచేస్తాయి. మొదటివి తిండిని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. రెండవవి ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ వాయువు ఇస్తాయి. అన్నం, కూరగాయలు తొందరగా పులుస్తాయి. ఆమ్లం పేరుకుంటే రెండవ రకం జీవులు పనిచేయలేవు. పెండగానీ, మురుగునీటి అడుగున దిగే మడ్డిగానీ ఆ పులుపును అదుపులో ఉంచుతుంది. కాని మడ్డిలో సత్తువ తక్కువ. ఒక్కదానితో గ్యాస్ కొద్దిగానే వస్తుంది. తిండివ్యర్థం కలిస్తే పెరుగుతుంది. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుందన్నమాట.

మురుగు నుంచి మంట తీయడం కొత్త సంగతేమీ కాదు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరన్ సెప్టిక్ ట్యాంకు గ్యాస్‌తో దీపాలు వెలిగించాడు. రెండేళ్ళకు, 1897లో, బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు గ్యాస్‌ను పట్టి వాడారు. అంటే మన దేశంలో పెండ గ్యాస్ కంటే మురుగు గ్యాసే ముందు! జష్‌భాయ్ పటేల్ రూపొందించిన తేలే డ్రమ్ము ప్లాంటు 1950ల నాటిది. దాన్ని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఊరూరా చేర్చింది. 1984లో దీనబంధు నమూనా వచ్చాక డ్రమ్ము ఖర్చు, తుప్పు బాధ తప్పాయి.

మరుగుదొడ్డిని గ్యాస్ కుండీకి కలిపితే అదనపు సాయం ఇస్తామని కూడా ప్రభుత్వం చెప్పింది. మా ఊళ్ళలో ఎవరూ ఒప్పుకోలేదు. "ఆ మంట మీద అన్నం వండుతమా సారూ?" అని నన్నే నిలదీశారు. మంటకు మైల లేదని చెప్పాను గాని, మా ఇంట్లో మాత్రం ఒప్పుకుంటారా అని లోపల అనుకున్నాను.

ఊళ్ళలో కుదరనిది నగరాల్లో మొదలైంది. 2000 దశకం తొలి భాగంలో విజయవాడలో కూరగాయల మార్కెట్ చెత్త, కబేళా వ్యర్థం, మురుగు కలిపి 150 కిలోవాట్ల విద్యుత్తు తీసే ప్లాంటు పెట్టారు. తెలుగునాట మురుగును, తిండివ్యర్థాన్ని కలిపిన పెద్ద ప్రయత్నాల్లో అది తొలినాటిది. హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని గాలి తగలని ట్యాంకుల పద్ధతిలో శుద్ధి చేసే కేంద్రం కట్టారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతితో, మురుగు కలపకుండానే, రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్లు తీసే ప్లాంటు వచ్చింది. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దాన్ని ప్రస్తావించారు. అమెరికాలో ఓక్లండ్ మురుగుశుద్ధి కేంద్రం హోటళ్ళ తిండివ్యర్థాన్ని తీసుకుని, 2012 నాటికి తాను వాడే విద్యుత్తుకంటే ఎక్కువ తయారుచేసే స్థితికి వచ్చింది. అక్కడికి వచ్చే తిండివ్యర్థంలోనుంచి ప్లాస్టిక్, చెంచాలు, ఎముకలు ఏరివేయడమే పెద్ద పనట. యంత్రం కంటే ఏరడమే కష్టం.

బాన్సువాడ 2018లో మునిసిపాలిటీ అయింది. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు హోటళ్ళ వెనుక మోరీలో అన్నం తేలుతూ కనిపిస్తుంది. మనకు ఓక్లండ్ అంత ప్లాంటు అక్కర్లేదు. కాని ఎప్పుడైనా చిన్నదొకటి పెడితే, దాని రిజిస్టరులో పూర్తయిన తేదీ పక్కన నెలనెలా నింపే గడి ఒకటి గీయమని మన సంఘం తరఫున అర్జీ ఇద్దాము. అర్జీ నకలు నేనే వ్రాసిపెడతాను. చేతివ్రాత ఇంకా బాగానే ఉన్నది.