రేడియో దుకాణములో పుట్టిన మంద్రస్వరము

దిల్‌సుఖ్‌నగరుకు దక్షిణముగా, మీర్‌పేట దాటిన పిమ్మట అల్మాస్‌గూడ వచ్చును. ఉర్దూలో అల్మాస్ అనగా వజ్రము. కొలది నెలల క్రిందట అచ్చటి మా మిత్రుని యింటికి పోయినప్పుడు, మేడమీది గదిలో ఆయన కుమారుడు స్వయముగా కట్టుకొన్న బేస్ గిటారును, దాని ఆంప్లిఫయరును చూచితిమి. గిటారు మెడ ఒక విరిగిన వాద్యమునుండి వచ్చినది. ఒడలు పాత టేకు తలుపు చెక్క. ఆంప్లిఫయరు వాల్వుల కాలపు మైకు సెట్టు. పదిహేను అంగుళముల స్పీకరు ఏదో మూతబడిన సినిమా హాలుది. ఒక్కొక్కటి ఒక్కొక్క చోట బేరమాడి కొన్నవే. తనకు అక్కరలేని భాగములను అమ్మి, ఆ సొమ్ముతోనే కావలసినవి తెచ్చుకొన్నాడట.

“ఇల్లంతయు పాత యినుపకొట్టు చేసినాడండీ!” అని మిత్రుడు విసుగుకొనెను.

ఆ మాటకు మేము అప్పుడేమియు చెప్పలేదు. కాని చెప్పదగిన సమాధానము ఒకటి కలదు. ఆ వాద్యము పుట్టినదే అట్టి సామాను నడుమ.

మన వృత్తి సంగతియే ముందుగా చెప్పుకొందము. 1924లో మద్రాసున సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు రేడియో క్లబ్బును స్థాపించి, 40 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ప్రసారములు సాగించిరి. 1927లో ధనము చాలక క్లబ్బు మూతపడగా, ఆ యంత్రము మద్రాసు కార్పొరేషనుకు దక్కినది. 1930లో కార్పొరేషను దానితోనే నగరవాసులకు పాటలు వినిపింపసాగెను. అనగా దక్షిణదేశపు ప్రసారములలో రెండవ అధ్యాయము చేతులు మారిన యంత్రముతో మొదలైనది. పాత సామానును చిన్నచూపు చూచుటకు రేడియోవారమైన మాకు అధికారము లేదు.

ఇక బేస్ గిటారు సంగతి. పాశ్చాత్య సంగీతమున మంద్రస్థాయిని మోయు వాద్యము డబుల్ బేస్. అది నిలువెత్తు మనిషియంత యుండును. బండిలో పట్టదు, మోయుటకు కష్టము. ఇంతయు చేసి తెచ్చినను, బాకాలు, డ్రమ్ములు మ్రోగునప్పుడు దాని నాదము వినబడదు. 1936 ప్రాంతమున అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టుట్‌మార్క్ అను వాద్యగాడు, ఒడిలో పట్టుకొని మీటదగిన విద్యుత్ బేస్‌ను తయారుచేసెను. అది ఎక్కువగా వ్యాపించలేదు.

దానిని లోకమునకు పరిచయము చేసినవాడు ఒక రేడియో మరమ్మతుదారు. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియో సర్వీసు దుకాణము తెరచెను. సంగీతకారులు చెడిపోయిన ఆంప్లిఫయర్లను ఆయన బల్లమీదికి తెచ్చెడివారు. వారి ఫిర్యాదులే ఆయనకు పాఠములైనవి. ఆయనకు గిటారు వాయించుట రాదు. అయినను వాద్యములో ఏది విరుగునో, ఏది వదులగునో, ఏది మార్చుటకు సులువో ఆయనకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. 1951లో ఆయన ప్రెసిషన్ బేస్‌ను వెలువరించెను. మెడ మీద మెట్లుండుటచే స్వరము గురి తప్పదు. మెడను మరలతో బిగించుటచే, చెడినచో విప్పి మరొకటి పెట్టుకొనవచ్చును. అల్మాస్‌గూడ కుర్రవాడు ఒక వాద్యపు మెడను మరొక ఒడలికి తగిలించగలిగినాడన్న, ఆ వెసులుబాటు నాటి నిర్మాణములోనే యున్నది. మరుసటి యేడు, 1952లో, బేస్‌మన్ అను ఆంప్లిఫయరు కూడ వచ్చెను.

ఇంగ్లండులో ఆ అమెరికా యంత్రములు చాల ప్రియము. 1962లో లండనులో జిమ్ మార్షల్ గారి వాద్యముల దుకాణపు పనివారు బేస్‌మన్ పథకమునే ఆధారముగా గైకొని, తమకు దొరకిన భాగములతో ఆంప్లిఫయరు కట్టిరి. భాగములు మారుటచే ధ్వనియు మారెను. ఆ మార్పే దానికి కీర్తి తెచ్చినది. 1972లో క్వీన్ బృందపు బేస్ వాద్యగాడు జాన్ డీకన్, చెత్త తొట్టిలో కనబడిన చిన్న ట్రాన్సిస్టరు సర్క్యూట్ పలకను తెచ్చి, ఒక స్పీకరు పెట్టెలో అమర్చి, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పలికించెను. ఆయన ఎలెక్ట్రానిక్స్ పట్టభద్రుడు. ఆ చిన్న పెట్టె ధ్వని ఆ బృందపు గ్రామఫోను రికార్డులలో నిలిచినది.

మన తెలుగునాట ఈ విద్యుత్ నాదము కర్ణాటక సంగీతమునకే కొత్త వాద్యమునిచ్చెను. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను చేపట్టెను. మామూలు మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తంత్రులు. మీటిన స్వరము క్షణములో ఆరిపోవును, గమకము నిలువదు. శ్రీనివాస్ ఒంటి తంత్రుల విద్యుత్ మాండొలిన్‌ను ఎన్నుకొనెను. ఆంప్లిఫయరు స్వరమునకు దీర్ఘాయువునివ్వగా, గమకమునకు చోటు దొరకెను. 1978లో గుడివాడలో ఆ బాలుని తొలి కచేరి జరిగినది. 2014లో ఆయన మరణించునాటికి ఆ వాద్యము కర్ణాటక వేదికపై స్థిరపడినది.

ఇట్టి సామాను దొరకు చోట్లును చరిత్రగలవే. 1900లో తెరచిన మద్రాసు మూర్ మార్కెటు 1985లో అగ్నికి ఆహుతియగువరకు పాత వస్తువుల పుట్టినిల్లు. హైదరాబాదున గురువారమున జుమ్మెరాత్ బజారు, ఆదివారమున ఎర్రగడ్డ సంత కలవు. కొత్త విడిభాగములకు కోఠిలోని గుజరాతీ గల్లీ కలదు. బేరము తెలిసినవానికి ఇవి పాఠశాలలే. తెలియనివానికి జేబు ఖాళీయగు చోట్లు.

కొనువాడు చూడవలసినవి కొన్ని కలవు. మెడను తుపాకి గురిచూచినట్లు కంటికెదురుగా పట్టి వంకరను కనుగొనవలెను. పికప్ అనగా అయస్కాంతముల చుట్టును చుట్టిన సన్నని తీగ. దానిలో తెగుదల యున్నదో లేదో మల్టీమీటరు చెప్పును. స్పీకరు కాగితమును రెండు ప్రక్కల సమముగా వ్రేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు ఒరపిడి శబ్దము వచ్చినచో లోపలి చుట్ట రాచుకొనుచున్నదని యర్థము. ట్రాన్స్‌ఫార్మరును వాసన చూచిన చాలును, కాలిన లక్క దాగదు. అమ్మువాడు కూడ ఏది మార్చినాడో, ఏది మార్చలేదో విప్పి చెప్పవలెను. పాత సామాను వ్యాపారమంతయు ఆ ఒక్క మాట మీద నిలిచియున్నది.

బేస్‌కు మాత్రము ఏ పాత రేడియో అయినను చాలునని తలచరాదు. దాని అతి మంద్రమైన తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. రేడియోలోని చిన్న స్పీకరు ఆ స్వరమును మోయలేక గరగరలాడును. పెద్ద స్పీకరు, బరువైన ఇనుముగల ట్రాన్స్‌ఫార్మరు, గాలి కారని గట్టి పెట్టె కావలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది వేరొకటి. వాల్వు ఆంప్లిఫయరులో మూడు నాలుగు వందల వోల్టులుండును. ప్లగ్గు పీకిన తరువాతను కండెన్సర్లలో ఆ శక్తి దాగియుండును. విద్యార్థి దశలో మేమును ఒక పాత సెట్టులో చేయిపెట్టి గోడకు విసరివేయబడితిమి. తప్పు మాదే. అదృష్టముచే బ్రతికితిమి. గిటారు తంత్రులు ఆంప్లిఫయరు ఇనుపపెట్టెకు కలిసియుండును గనుక, ఎర్తు లేనిచో వాద్యగాని చేతులే తీగలగును. 1972 మే 3న స్వాన్సీలో లెస్ హార్వే అను గిటారు వాద్యగాడు, ఎర్తు సరిగాలేని మైకును తాకి, వేదికమీదనే ప్రాణము విడిచెను.

అల్మాస్‌గూడ గదిలో మేము మొదట చూచినది ప్లగ్గునే. మూడవ పిన్ను విరిగిపోయియున్నది. “ఇది మార్చువరకు దీనిని ముట్టవద్దు బాబూ” అంటిమి. కుర్రవాడు చిన్నబుచ్చుకొనెను. మరునాడు ఎలెక్ట్రీషియనును పిలిపించి, ప్లగ్గును, గోడలోని ఎర్తును సరిచేయించి, మాకు ఫోనులో వినిపించెను. ఫోను ఆ మంద్రమును మోయలేకపోయినది. మేము మరల పోయి వింటిమి. క్రింది గదిలో గిన్నెలు కంపించినవి.

వచ్చునప్పుడు మిత్రుడు వాకిట మెల్లగా అడిగెను. “అటకమీద నాయనగారి మర్ఫీ రేడియో యున్నది. వీనికి ఇచ్చివేయమందురా?”

“ముందు దానినే పలికించుమనుడు. పలుకగలదానిని ముక్కలు చేయరాదు. ఇక పలుకదని తేలినప్పుడు విప్పుకొనవచ్చును” అని చెప్పి వచ్చితిమి.