రాణిపేట క్రోమియం: మూడా, ఆరా?

తిరుత్తణి, తిరువళ్లూరు పిల్లలు బడిలో ‘ఆక్సిజనేట్ర ఎణ్’ అని చదివే పాఠమే తెలుగులో ఆక్సీకరణ సంఖ్య. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. అప్పటినుంచి మనలో చాలా ఇళ్లలో పెద్దలు చదివింది ఒక భాష, పిల్లలు చదివేది మరో భాష. అందుకే ఈ లెక్క కథను తెలుగులో రాసి పెడుతున్నాం. మార్కుల కోసమే కాదు. షోళింగర్ దాటి కాస్త ముందుకు పోతే వచ్చే రాణిపేటలో నీళ్లకు ఏమైందో ఈ లెక్క రాకపోతే అర్థం కాదు.

ముందు పేరు సంగతి. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో లవాయిజర్, ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలం అనుకుని ‘ఆక్సిజన్’ అని పేరు పెట్టాడు. మన పాత పుస్తకాల్లోని ‘ఆమ్లజని’ దానికి సరైన అనువాదమే. ఆయన అనుకున్నది నిజం కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదు. అయినా పేరు నిలిచిపోయింది. తర్వాత ఆక్సీకరణం అర్థం కూడా మారింది. ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా, ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఆక్సీకరణమే. 1919లో జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ స్టాక్ ఆ సంఖ్యను మూలకం పేరు పక్కన రోమన్ అంకెల్లో రాద్దామన్నాడు. 1938లో అమెరికాలో వెండెల్ లాటిమర్ ఆక్సీకరణ స్థితుల మీద ఒక పుస్తకమే తెచ్చాడు.

లెక్క అంగడి పద్దులాంటిదే. జమ, ఖర్చు కలిపితే సున్నా రావాలి. ఆక్సిజన్‌కు సాధారణంగా −2 (పెరాక్సైడ్లలో −1), సోడియంకు +1.

క్రోమైట్ ఖనిజం సూత్రంలో ఇనుము 1, క్రోమియం 2, ఆక్సిజన్ 4. ఆక్సిజన్ మొత్తం −8, ఇనుము +2. మిగిలిన +6ను రెండు క్రోమియంలు పంచుకుంటాయి, ఒక్కోదానికి +3. అదే ఖనిజాన్ని సోడాతో కలిపి గాలిలో కాలిస్తే సోడియం క్రోమేట్ వస్తుంది. అందులో సోడియం 2, క్రోమియం 1, ఆక్సిజన్ 4. −8కి +2 పోగా మిగతా +6 అంతా ఒక్క క్రోమియానిదే. తోళ్లు ఊనడానికి కావలసిన లవణం చేయాలంటే దాన్ని మళ్లీ +3కి దించాలి.

మూడు నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు. రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీ పని అదే. 1970లలో మొదలై 1990లలో మూతపడింది. లక్ష టన్నులకు పైగా వ్యర్థం అక్కడే గుట్టగా మిగిలింది. +3 క్రోమియం చాలావరకు మట్టిని పట్టుకుని ఉంటుంది. +6 అలా కాదు, వాన నీటిలో కరిగి పసుపు రంగుతో భూగర్భ జలంలోకి దిగిపోతుంది; పీల్చితే క్యాన్సర్ తెస్తుంది. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అత్యంత కలుషితమైన 10 చోట్లలో రాణిపేటను చేర్చింది.

దీనికి విరుగుడు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఇనుము +2 నుంచి +3కి ఎక్కుతుంది, క్రోమియం +6 నుంచి +3కి దిగుతుంది. క్రోమియానికి మూడు ఎలక్ట్రాన్లు కావాలి, ఇనుము ఇచ్చేది ఒక్కటే. అంటే ఒక క్రోమియానికి మూడు ఇనుములు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. అందులో మూడెంత, ఆరెంత అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. బోరు నీళ్లు పరీక్షకిచ్చేవాళ్లు ‘హెక్సావాలెంట్ క్రోమియం’ విడిగా కొలవమని ల్యాబువాళ్లను అడగండి.