బంగారు గనుల దాహము తీర్చిన బేతమంగల

కోలారు అనగానే ఎవరికైనను మొదట స్ఫురించునది బంగారము. ఆ గనుల పట్టణమునకు నీరిచ్చిన పల్లెను తలచువారు అరుదు. పాలారు ఒడ్డునగల బేతమంగల అట్టి గ్రామము. శాసనములలో దీని పేరు విజయాదిత్యమంగలము. నదికి అడ్డుగా కట్ట వేసి నిర్మించిన ఇచ్చటి పెద్ద చెరువు, ఆంగ్లేయుల గనులకంటె అనేక శతాబ్దములు పూర్వపుది.

1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మారికుప్పం, ఊరుగాం పరిసరములలో గ్రామస్థులు మట్టిని నీట కడిగి పసిడి రేణువులు ఏరుట కన్నులార చూచెను. ఆ నివేదిక చదివిన మైఖేల్ లావెల్ 1873లో త్రవ్వకములకు మైసూరు ప్రభుత్వమును అనుమతి కోరెను. 1880 నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ నిర్వహణలో గనులు విస్తరించినవి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల నుండి తెలుగు, తమిళ కూలీలు వేలుగా తరలివచ్చిరి. 1902లో శివనసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల తీగల మీదుగా విద్యుత్తు వచ్చినది. కాని త్రాగునీరో? వానలు అంతంతమాత్రమైన ఆ మెట్టనేలపై అంత జనమునకు బావులు చాలలేదు. అందుచే బేతమంగల చెరువునీటిని శుద్ధిచేసి, గొట్టముల ద్వారా గనుల పట్టణమునకు చేర్చిరి. బంగారము లండను చేరినది. దానిని త్రవ్వినవారి గొంతు తడిపినది పాలారు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమై, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థగా మారినవి. 3 కిలోమీటర్లకు పైగా లోతు దిగిన పిదప ఖర్చు రాబడిని మించినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. సుమారు 800 టన్నుల పసిడి ఇచ్చిన నేలపై నేడు మిగిలినవి సైనైడు దిబ్బలు, పని కోల్పోయిన కుటుంబములు. బేతమంగల చెరువు మాత్రము వాన కురిసిన ఏట నిండుచు, కురియని ఏట ఎండుచు నేటికిని నిలిచియున్నది.

ఈ చరిత్ర మనకేల? మన నరసాపురముననే 2013లో మోటారు సైకిళ్ళ కర్మాగారము వెలసినది. పొలముల నడుమ పరిశ్రమలు పెరిగినవి. మన బిడ్డలకు ఉపాధి దొరకుట సంతోషమే. అయితే గనియైనను, కర్మాగారమైనను కొంతకాలపు అతిథి. 2018 నుండి బెంగుళూరులో శుద్ధిచేసిన వాడుకనీరు మన జిల్లా చెరువులకు చేరుచున్నది. అనగా నీటికై నేటికిని మనము పరులవైపు చూచుచున్నాము.

కావున విద్యార్థులారా! మీ ఊరి చెరువు కట్ట ఎవరు కట్టిరో, కాలువ ఎటు పారునో మీ పెద్దలనడిగి వ్రాసియుంచుడు. ఈ ప్లాటినం జూబిలీ వేళ మీ ఉపాధ్యాయిని కోరు కానుక ఇదియే.