పెండ్లి రిజిస్టరులో కాపరి సంతకం

క్రిస్మస్ సెలవులకు కువైట్, లండన్, డాలస్ నుంచి రాజోలు, కొత్తపేట సంఘాలకు మనవాళ్లు వస్తారు. సెలవు మూడు వారాలే గనుక పెండ్లిళ్లూ అప్పుడే. పదో రోజున పెండ్లికొడుకు విమానం ఎక్కుతాడు, పెండ్లికూతురు వీసా కోసం పుట్టింట ఎదురుచూస్తుంది. ఆ వీసాకు మొదటి ఆధారం వివాహ ధ్రువపత్రం. దాని విషయంలో మన సంఘాలు అజాగ్రత్తగా ఉన్నాయని మేము అనుకుంటున్నాము.

మన వివాహాలకు వర్తించేది 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం. బిషప్పు చేత అభిషేకం పొందిన గురువులు, ప్రభుత్వ లైసెన్సు ఉన్న సేవకులు, మ్యారేజి రిజిస్ట్రార్లు వంటివారికే అది అధికారమిచ్చింది. అధికారం లేకుండా వివాహం జరిపించడం నేరం. 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరల కాలం నుంచి ఈ డెల్టాలో పెద్దలే నడిపించే సంఘాలున్నాయి, తరువాత స్వతంత్ర సంఘాలు పెరిగాయి. మంచి వాక్యం చెప్పే కాపరులందరికీ లైసెన్సు లేదు. అడిగితే నొచ్చుకుంటారని ఎవరూ అడగరు. కాగితం వీసా అధికారి బల్ల మీదికి చేరాక నొచ్చుకునేది ఆ అమ్మాయి.

పేర్లదీ ఇదే తంటా. శుభలేఖలో బాప్తిస్మపు పేరు, పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంకో పేరు. రిజిస్టరులో పాస్‌పోర్టు మీది పేరే, అక్షరం తేడా లేకుండా రాయాలి. ధ్రువపత్రాన్ని కొన్ని దేశాలు విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్రతో అంగీకరిస్తాయి. కువైట్ ఆ ఒప్పందంలో లేదు, ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా వేయించాలి.

కాగితం సరిగ్గా ఉన్నా అబ్బాయి వీసా ఏమిటో ప్రకటన చదవకముందే తెలియాలి. బ్రిటన్‌లో స్థిరపడిన వ్యక్తి జీవితభాగస్వామిని పిలుచుకోవడానికి చూపాల్సిన ఆదాయాన్ని 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్లు చేశారు. అదే ఏడాది మార్చి 11 తరువాత కేర్ వర్కరు వీసాకు కొత్తగా దరఖాస్తు చేసుకున్నవారు భార్యనుగాని భర్తనుగాని తీసుకెళ్లలేరు. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగి భార్యకు వచ్చేది హెచ్-4. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటేదాకా ఆమె ఉద్యోగం చేయరాదు, విడాకులైతే ఆ హోదా పోతుంది. అమెరికా పౌరుణ్ణి పెండ్లాడి రెండేళ్లు నిండకముందే వెళ్లిన భార్యకు షరతులతో రెండేళ్ల గ్రీన్‌కార్డు ఇస్తారు. ఆ షరతులు తీయించుకోవడానికి భార్యాభర్తలు కలిసి దరఖాస్తు పెట్టాలి. అయితే విడాకులైనా, హింసకు గురైనా ఆమె ఒక్కతే పెట్టుకునే వీలుంది. ఇది తెలియక మౌనంగా భరించేవారి కోసమే ఇంత వివరంగా రాస్తున్నాము.

వెళ్లే అమ్మాయి పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి, అత్తగారి బీరువాలో కాదు. ధ్రువపత్రం, భర్త వీసా నకళ్లు పుట్టింట ఒక జత ఉంచాలి. ఎన్నారై భర్త వదిలేస్తే ఫిర్యాదు తీసుకోవడానికి జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ కూడా మొదట అడిగేవి ఈ నకళ్లే.