మంచుకొండల విడుదులు

స్విట్జర్లండు దేశపు ఎంగడీన్ లోయలో, సముద్రమట్టమునకు రమారమి 1,800 మీటర్ల ఎత్తున సెయింట్ మోరిట్జ్ అను చిన్న ఊరు కలదు. 1907వ సంవత్సరమున అచటి ఖనిజజలపు ఊటను బాగుచేయ బూనిన పనివారికి, మట్టి క్రింద పెద్ద మ్రాకుల బోదెలను తొలిచి నిలిపిన రెండు గొట్టములును, వానిలో నెవరో అర్పించిన కంచు కత్తులును కనబడినవి. ఆ మ్రాకుల వలయములను లెక్కించిన శాస్త్రజ్ఞులు, అవి క్రీస్తునకు పూర్వము 1411 ప్రాంతమున నరకబడినవని నిర్ణయించిరి. నేడు మెత్తని పాన్పు, వెచ్చని గది, గడ్డకట్టిన సరస్సుపై తెరచుకొను కిటికీ కోరి వచ్చు ధనికులకు ఆ ఊరు భోగస్థానము. కాని మూడువేల యేండ్లకు పైబడి జనులు అచటికి వచ్చుచున్నది మందు కొఱకు. ఆల్ప్స్ కొండల హోటలు భోగమున పుట్టి ఆరోగ్యమును చేరలేదు. ఆరోగ్యమున పుట్టి భోగమును చేరినది. ఈ వరుసను మరచినచో దాని చరిత్ర బోధపడదు.

పూర్వము ఆ పర్వతములను ఇష్టపడి చూచినవారు తక్కువ. గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమపై 2,469 మీటర్ల ఎత్తున, పదునొకండవ శతాబ్దమున క్రైస్తవ సన్న్యాసులు నెలకొల్పిన సత్రములో దిగిన బాటసారి విశ్రాంతికై దిగలేదు, ప్రాణముతో ఆవలి ప్రక్కకు దాటుటకై దిగెను. 1732లో వెలువడిన హాలర్ కావ్యమును, 1761 నాటి రూసో నవలయును చదివిన తరమువారికి గాని, భయంకరమైన ఆ శిఖరములు రమణీయములుగా తోచలేదు. చూడవచ్చిన వారికైనను దొరకినవి పొగచూరిన పూటకూళ్ల యిండ్లే.

సెయింట్ మోరిట్జ్ నీటిని పదునారవ శతాబ్దమున పారాసెల్సస్ వంటి వైద్యుడు మెచ్చుకొన్నను, ఆ ఊరికి రూపము నిచ్చినవాడు వైద్యుడు కాడు, యోహన్నెస్ బడ్రూట్ అను హోటలు యజమాని. ఇతడు 1856లో ఒక చిన్న విడిదిని చేపట్టి, దానిని పెంచి కుల్మ్ హోటలు గావించెను. 1864 శరత్కాలమున, తిరుగు ప్రయాణమునకు సిద్ధపడుచున్న నలుగురు ఆంగ్లేయ అతిథులతో అతడొక పందెము వేసెనని చెప్పుదురు: శీతకాలమున గూడ ఇచట ఎండ కాయును, మీరు వచ్చి చూడుడు, నా మాట తప్పైనచో మీ దారిఖర్చులు నేనే భరింతును. వారు వచ్చిరట, ఈస్టరు వరకు నుండిరట, ఎండకు కమిలిన ముఖములతో ఇండ్లకు మరలిరట. హోటళ్లవారి కథలకు హోటళ్లవారి గడుసుదనమే అంటుకొని యుండును గనుక, దీనిని అక్షరాల నమ్మవలసిన పనిలేదు; కాని దాని ఫలితము మాత్రము కల్పన కాదు. వేసవి ముగిసినంతనే తలుపులు మూసికొను కొండవూళ్లు శీతకాలమున తలుపులు తెరువ నేర్చినవి. 1878 నాటి పారిస్ ప్రదర్శనమున విద్యుద్దీపములను చూచివచ్చిన బడ్రూట్ అనతికాలములోనే తన హోటలులో వానిని వెలిగించెను. ఆ దేశమున అవే మొదటివి. విసుగెత్తిన అతిథులను నిలుపుకొనుటకు 1884-85 చలికాలమున మంచుపై క్రెస్టా జారుదారి యేర్పడినది. వైద్యమునకు వచ్చినవాడు ఆటకు నిలిచిపోయెను. యోహన్నెస్ కుమారుడు కాస్పర్ 1896లో తెరచిన ప్యాలెస్ హోటలు నాటికి, ఊట నీరు త్రాగుట ఒక నెపము మాత్రమే.

ఇంచుమించు ఆ కాలముననే డావోస్ లోయలో వేరొక కథ నడచుచుండెను. 1848 విప్లవమున పాల్గొని స్వదేశమును వీడిన జర్మను యువకుడు అలెగ్జాండర్ స్పెంగ్లర్, ఆ మారుమూల లోయకు 1853లో వైద్యుడై వచ్చి, అచటి జనులలో క్షయ కానరాకుండుట గమనించెను. 1865 ఫిబ్రవరిలో మొదటి ఇద్దరు రోగులు చలికాలపు చికిత్సకై వచ్చిరి. వాయువే ఔషధమని నమ్మిన ఆ చికిత్సలో రోగి చేయవలసిన పని యొక్కటే: దుప్పట్లు చుట్టుకొని, వరండాలో వాలుకుర్చీపై, గంటల తరబడి కదలక పండుకొనుట. పని చేయకుండుటను ఇంత నియమబద్ధముగా, ఇంత ఖరీదుగా ఆచరించిన సమాజము మరియొకటి కలదేమో నాకు సందేహమే. 1912లో అచట చికిత్స పొందుచున్న భార్యను చూడ కొన్ని వారములకై వచ్చిన థామస్ మాన్, ఆ వాలుకుర్చీల లోకమునుండి పుట్టిన నవలను 1924లో ప్రకటించెను. ఆమె యున్న శానిటోరియం నేడొక హోటలు.

జెర్మాట్ అను కొండవూరి కథ వేరు. దానిని ప్రసిద్ధము గావించినది ఒక దుర్ఘటన. అలెగ్జాండర్ సైలర్ నడిపిన మోంటె రోసా హోటలున బసచేసిన ఎడ్వర్డ్ వింపర్, 1865 జులై 14న మాటర్‌హార్న్ శిఖరమును మొదట చేరిన ఏడుగురిలో నొకడు. దిగునపుడు నలుగురు మరణించిరి. ఆ వార్త ఐరోపాను కలచివేసినది, హోటలును నింపినది.

ఈ హోటళ్లకు మర్యాద నేర్పినవాడు 1850లో నీడర్‌వాల్డ్ అను కొండపల్లెలో, పేదరైతు యింట పదమూడవ బిడ్డగా జన్మించిన సెజార్ రిట్జ్. రీగి కొండపై హోటలులో పనిచేయు దినములలో, వేడిచేయు యంత్రము చెడిన యొకనాడు, విందుకు వచ్చుచున్న అతిథుల పాదముల క్రింద నుంచుటకు ఇటుకలను పొయ్యిలో కాల్చి, గుడ్డలు చుట్టి పెట్టించెనని ప్రతీతి. కొండహోటలు రహస్యమంతయు ఆ ఇటుకలలోనే కలదు: వెలుపలి చలి అతిథికి కనబడవలెను, తగులరాదు. ఆ ఇటుకలను మోసిన చేతులెవరివో ఏ చరిత్రయు పేరుపెట్టి చెప్పదు.

పిమ్మట దురాశయు వచ్చినది. బెల్జియం ప్రభువు కమిల్ డి రెనెస్ మలోజా గ్రామమున మున్నూరు గదులకు మించిన మహాసౌధమును 1884 వేసవిలో తెరచెను. ఆ యేటనే ఇటలీలో కలరా చెలరేగి సరిహద్దు మార్గములు మూతపడగా, కొలది నెలలలోనే దివాలా తీసెను. 1904లో అల్బులా కొండలను తొలిచివచ్చిన రైలుమార్గము సెయింట్ మోరిట్జ్‌ను చేరగా, హోటళ్లు మరింత విస్తరించినవి. పదేండ్లకు వచ్చిన ప్రపంచయుద్ధము గదులను ఖాళీచేసెను. క్రొత్త హోటళ్లు కట్టరాదని 1915లో ప్రభుత్వమే కట్టడిచేయవలసి వచ్చెను. 1928, 1948లలో శీతకాల ఒలింపిక్స్ సెయింట్ మోరిట్జ్‌కు వచ్చినను, యుద్ధమునకు ముందటి నిశ్చింత మరల రాలేదని నేననుకొందును.

యుద్ధమునకు కొన్ని నెలల ముందు, 1913 డిసెంబరున, గ్ష్టాడ్ అను పల్లెలో కోటబురుజుల ప్యాలెస్ హోటలు తెరువబడినది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1961 మొదలు 1985 వరకు ఏటేట వేసవిలో ప్రసంగించిన సానెన్ దానికి పొరుగూరే; ఆయన పెక్కేండ్లు బసచేసినది గ్ష్టాడ్‌లోని యొక కొయ్యయింట. విచిత్రమేమనగా, ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున ఆ మదనపల్లె చెంతనే ఆరోగ్యవరము అను క్షయ చికిత్సాలయము వెలసినది. శుభ్రవాయువు, విశ్రాంతి, పుష్టికరాహారము అను డావోస్ సూత్రములే మన కడప, చిత్తూరు క్షయరోగులకును అచట విధింపబడినవి. మంచు మాత్రము లేదు, వెండి పళ్లెరములును లేవు.

డావోస్‌కు మూడువందల మీటర్లు పైన, 1900 డిసెంబరున తెరచిన షాట్స్‌ఆల్ప్ శానిటోరియమునకు, స్ట్రెప్టోమైసిన్ మొదలగు మందులు వచ్చిన పిమ్మట రోగులు తగ్గిరి. మాన్ నవలలో, అచట మరణించిన వారిని చలికాలమున మంచుబండ్లపై దించుదురని యొక పాత్ర చెప్పును. 1950ల నడుమ నుండి అది హోటలు. దక్షిణమునకు తెరచుకొన్న వరండాలు నేటికిని అట్లే యున్నవి. క్షయ లేని అతిథులు దుప్పట్లు కప్పుకొని, సొమ్ము చెల్లించి, వానిపై పండుకొనుచున్నారు.