పాత నెగెటివ్‌లు, స్లైడ్‌లు తక్కువ ఖర్చులో స్కాన్ చేసుకోవడం ఎలా?

1986 ఆగస్టు గోదావరి వరదనీ, 1996 నవంబరు 6 కోనసీమ తుపాన్నీ దాటుకుని డెల్టాలోని దళితపేటల్లో కొన్ని ట్రంకుపెట్టెల్లో నెగెటివ్‌లు, స్లైడ్‌లు ఇంకా మిగిలే ఉన్నాయి. అంబేడ్కర్ విగ్రహావిష్కరణలు, హాస్టల్ గ్రూపు ఫొటోలు, చర్చి పెళ్ళిళ్ళు, ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్ళు. ఈ తేమకి బూజు పడితే బొమ్మ తిరిగి రాదు. పరిశోధన కోసం ఇవి సేకరిస్తూ మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మామూలు ఆఫీసు స్కానర్ పనికిరాదు. ఫిల్మ్‌కి వెలుగు వెనకనుంచి రావాలి, అంటే మూతలో లైటున్న స్కానర్ కావాలి. సెకండ్‌హ్యాండ్ ఎప్సన్, కెనాన్ చాలు. చిక్కల్లా డ్రైవర్‌తోనే. పాత స్కానర్‌కి కొత్త విండోస్‌లో కంపెనీ డ్రైవర్ ఉండకపోవచ్చు. వ్యూస్కాన్ అలాంటివాటిని నడుపుతుంది గానీ కొనాలి. ముందు ఉచిత ట్రయల్‌లో చూసుకోండి, బొమ్మ మీద వాటర్‌మార్క్ పడినా పర్లేదు. సిల్వర్‌ఫాస్ట్ మన జేబుకి దూరం. లైనక్స్ వేసిన కంప్యూటరుంటే సేన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా మోడళ్ళని నడుపుతుంది. దాని జాబితాలో మోడల్ పేరు చూశాకే స్కానర్ కొనండి.

35 ఎంఎం ఫ్రేము 24×36 మి.మీ. ఉంటుంది. 2400 డీపీఐలో తీస్తే సుమారు 3400×2270 పిక్సెళ్ళు వస్తాయి, 11 అంగుళాల ప్రింటుకి సరిపోతాయి. ఫైలుని టిఫ్‌లో దాచండి. దుమ్ము మరకలు తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయాన్ని నలుపు తెలుపు ఫిల్మ్‌కి వాడొద్దు. అందులోని వెండి ఆ కిరణాలని అడ్డుకుంటుంది, బొమ్మనే మరక అనుకుని చెరిపేస్తుంది.

దిద్దడానికి గింప్ ఉచితం. రంగుల నెగెటివ్‌లకి డార్క్‌టేబుల్‌లో 2020 నుంచి ఉన్న నెగడాక్టర్ బాగా పనిచేస్తుంది, అదీ ఉచితమే.

ఇక అసలు సంగతి, ఒంటి రంగు. మేము మొదట్లో కొన్ని ఫొటోలు ఒక ల్యాబ్‌కి ఇచ్చాం. తిరిగొచ్చేసరికి మా అమ్మమ్మల మొఖాలన్నీ తెల్లబడ్డాయి. అడిగితే "బాగుంటుందని చేశామండి" అన్నారు. ఇది ఒక్క ల్యాబ్ అలవాటు కాదు. కొడాక్ షర్లీ కార్డుల మీది తెల్లజాతి స్త్రీ ఒంటి రంగే ఎన్నో దశాబ్దాలు ప్రింటింగ్‌కి కొలబద్ద. అందుకే ఆటో లెవెల్స్, ఆటో కలర్ బటన్లు నొక్కకండి. కర్వ్స్‌తో చేత్తోనే సరిచేయండి, మొఖాన్ని బట్టి కాకుండా ఫ్రేములోని తెల్ల చొక్కానో, సున్నం గోడనో బట్టి.

దిద్దేది ఎప్పుడూ నకలు మీదే. కారంచేడు (1985), చుండూరు (1991) కాలం ఫొటోలు ఫిల్మ్ మీదివే, అలాంటివి రేపు కోర్టు మెట్లెక్కవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ చూపాలి. ఒక్క పిక్సెల్ మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి స్కాన్ అవగానే లైనక్స్‌లో షా256సమ్‌తో, విండోస్‌లో సెర్ట్‌యుటిల్‌తో హాష్ తీసి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోండి. నెగెటివ్‌ని కాగితం కవర్లో పెట్టి, ఎవరిది, ఏ పేట, ఏ సంవత్సరం అన్నది కవరు మీద పెన్సిల్‌తో రాసి, ఇచ్చినవాళ్ళకే తిరిగిచ్చేయండి.